చివరి విజిట్ తేదీ

మాస్టారూ, నమస్కారం.

మీరు ఫోన్ ఎత్తరు, మెయిల్ చూడరు. రిటైరయిన రోజే కంప్యూటర్‌కి దండం పెట్టేశానన్నారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. నా కోడిగీతలు చదువుకోవడం ఇక మీ ఖర్మ.

పోయిన వారం ఒకావిడ మన ఆసుపత్రి కౌంటర్ దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు, గొడవ చేయలేదు. ఫోన్ తీసి చూపించి, "మా పాప పోయి చాలా ఏళ్ళయింది. పాపని మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తారని నెలనెలా మెసేజ్ వస్తోంది. ఎవరు పంపుతున్నారో కనుక్కుని చెప్పండి" అంది. కౌంటర్లో పిల్ల ఆవిడని మన కంప్యూటర్ సెక్షన్‌కి, నా దగ్గరికి తోసేసింది.

మీరు వెళ్ళాక ఇక్కడ కొత్త ఏర్పాటు ఒకటి వచ్చింది. ఈమధ్య డాక్టర్‌కి చూపించుకున్న పిల్లల ఇళ్ళకి దానంతటదే మెసేజ్ వెళ్తుంది. ఎక్కడో వివరాల పట్టికలు కలిపే జాయిన్ తప్పు రాసుంటాం, ఒకరి నంబర్ ఇంకొకరికి అతుక్కుని ఉంటుంది అనుకున్నాను. పేషెంట్ల టేబుల్‌నీ విజిట్ల టేబుల్‌నీ కలిపి, చివరి విజిట్ ఈ నెలే అని ఉండి, నిజానికి ఈ నెల రానే రానివాళ్ళు ఎవరని అడిగాను. పొద్దున మొదలుపెట్టిన క్వెరీ భోజనాల వేళకి గాని తెమలలేదు. వెతుకులాట తేలిక చేసే ఇండెక్స్ ఆ కాలమ్‌కి లేదు. మీరుంటే నన్ను కడిగేసేవారు. ఇండెక్స్ వేసి మళ్ళీ నడిపితే చిటికెలో వచ్చింది. ఒకే ఒక్క రికార్డు, ఆ పాపది.

డాక్టర్ లేడు, మందు లేదు, పరీక్ష లేదు. తేదీ మాత్రం నెలనెలా మారుతోంది. ఇదేం మాయరా బాబూ అనుకుంటూ, వాటంతటవే నడిచే జాబ్‌లన్నీ తిరగేస్తే అట్టడుగున ఒకటి దొరికింది. నెల మొదట్లో ఆ ఒక్క పాప చివరి విజిట్ తేదీని ఆ రోజుకి మార్చడమే దాని పని. రాసింది మీరు, లాగిన్ మీదే. రెండు లైన్ల క్వెరీకి అదెందుకో చెప్పే నాలుగు లైన్ల కామెంట్ రాయమని మమ్మల్ని చంపుకు తిన్న మనిషి, దాని పైన ఒక్క ముక్క రాయలేదు.

రికార్డు తీసేసి, ఇది ఎవరి నిర్వాకమో రాసివ్వమని సూపరింటెండెంట్ నా నెత్తిన కూర్చున్నాడు. నాకు మీ మీద కోపంగా ఉంది మాస్టారూ. ఆవిడ ముఖం మీరు చూడలేదు. అయినా మీ మాట వినకుండా మీ పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎందుకు చేశారు? ఆ రికార్డు తీసేయనా, ఉంచనా?

మీ నోటిదురుసు శిష్యురాలు


అమ్మాయ్, ఆశీస్సులు.

నా పేరే రాసివ్వు. మొహమాటపడకు.

ఆ పాప మా అమ్మాయి. కౌంటర్ దగ్గరికి వచ్చింది మా ఆవిడ. మేం విడిపోయిన సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. పాపకి వైద్యం మన దగ్గరే మొదలైంది. చివర్లో వేరే ఆసుపత్రికి మార్చాం, అక్కడ పోయింది. అందుకే మన టేబుల్‌కి ఆ సంగతి తెలియదు. మన లెక్కలో తను ఇంకా మళ్ళీ రావాల్సిన పేషెంటే.

ఏళ్ళ తరబడి రాని పేషెంట్ల రికార్డులు తీసేయమని అప్పట్లో నాకే పురమాయించారు. డిలీట్ నడిపే ముందు అదే షరతుతో సెలెక్ట్ నడిపి, ఏం పోతోందో కళ్ళారా చూసుకోమని మీకు చెప్పేవాణ్ణి కదా. నేనూ అలాగే చూశాను. వేల పేర్ల మధ్య ఆ పేరు కనిపించింది. ఇంట్లో తన బట్టలు, బొమ్మలు అన్నీ నేనే మూటగట్టి ఇచ్చేశాను. మా ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. కళ్ళెదుట ఉంటే బతకలేమనుకున్నాను. మా ఆవిడ పాప పేరెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. మీది గుండె కాదు, బండ అని తను వెళ్ళిపోయింది. అలాంటివాణ్ణి, ఆ ఒక్క రికార్డు తీసేయలేకపోయాను. డిలీట్ షరతులో 'ఈ పాప తప్ప' అని రాస్తే నలుగురి కళ్ళలో పడుతుంది. అందుకని, ఈమధ్యే వచ్చినట్టు కనపడేలా నెలనెలా తేదీ మారే ఏర్పాటు చేశాను. కామెంట్ అంటావా, ఏమని రాయను?

మెసేజ్‌ల సంగతి నాకు తెలియదు. ఒకసారి ఏడిపించింది చాలదన్నట్టు మా ఆవిడని నెలనెలా ఏడిపించానని ఇప్పుడు తెలిసింది. ముందు జాబ్ తీసేయి, తర్వాత రికార్డు. నేనని మాత్రం తనకి చెప్పకు. కంప్యూటర్ తప్పని చెప్పు, ఎవరైనా నమ్ముతారు.

మాస్టారు


మాస్టారూ,

తిట్లు సిద్ధంగా ఉంచుకోండి. మీరు చెప్పిన పని సగం చేసి, సగం చెడగొట్టాను.

మీ పేరు రాసిచ్చాను. సూపరింటెండెంట్ చదివి సొరుగులో పెట్టుకున్నాడు. జాబ్ తీసేశాను. రికార్డు తీసే ముందు మీరు నేర్పినట్టే సెలెక్ట్ నడిపి చూశాను. బరువు, ఎత్తు, పుట్టినరోజు. తర్వాత తీసేశాను. ఆ పూట ఇంకే పనీ ముట్టుకోలేకపోయాను.

ఆవిడకి చెప్పి రావాలని ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తులో ఒంటిగది, కిటికీ పక్కన కుట్టుమిషను. "ఇక మెసేజ్‌లు రావండీ, కంప్యూటర్ తప్పు" అని మీరు చెప్పమన్నది చిలకలా అప్పజెప్పాను. ఆవిడ మిషను ఆపింది.

"ఆపేశారా?"

"ఆపేశామండీ."

"ఆపమని నేనెప్పుడన్నాను? ఎవరు పంపుతున్నారో చెప్పమన్నాను." మిషను మీది గుడ్డ పక్కన పెట్టి, "మా ఆయన అక్కడే పనిచేసేవాడమ్మా. ఆయనేనా?" అంది.

నాకు అబద్ధం ఆడటం చాతకాదని మీకు తెలుసు. అంతా చెప్పేశాను. సంచిలో ఉన్న మీ ఉత్తరం కూడా చేతిలో పెట్టాను. చదివి ఏడ్చింది. ఏడుస్తూనే మండిపడింది. "ఒక్క గౌను దాచుకుంటానంటే ఇవ్వలేదు. నా ముందు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. మరిచిపోయాడనుకుని వదిలేసి వచ్చాను. ఇన్నేళ్ళూ నాకు తెలియకుండా దాన్ని అక్కడ దాచుకున్నాడా? ఏదీ, ఆ రికార్డు నాకు చూపించు."

"లేదండీ. నిన్ననే తీసేశాను."

"ఎవరు తీయమన్నారు?"

"ఆయనే."

"అంటే మళ్ళీ నన్నడగకుండానే మూటగట్టి ఇచ్చేశాడన్నమాట" అంది. మాస్టారూ, ఆ మాటకి తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. బ్యాకప్‌లో ఉంటుంది, తెచ్చిస్తానన్నాను. వద్దంది.

"కంప్యూటర్లో నాకెందుకమ్మా. ఆయన్ని ఒక్కసారి రమ్మను. నా ఎదురుగా కూర్చుని దాని పేరు పలకమను. అంతే."

తిరిగొచ్చాక మీ ఉత్తరం మళ్ళీ చదివాను. పాప అన్నారు, తను అన్నారు, ఆ రికార్డు అన్నారు. పేరు ఎక్కడా రాయలేదు. మీరు దాటవేసిన ఆ చిన్న మాట కోసం ఆవిడ ఇన్నేళ్ళుగా ఆ గదిలో కూర్చుని ఉంది.

చిరునామా కింద రాశాను. లిఫ్ట్ లేదు, మెట్లు నిదానంగా ఎక్కండి. వెళ్తారో వెళ్ళరో నాకు తెలియదు. వెళ్ళకపోతే మాత్రం ఇక నాకు ఉత్తరం రాయకండి.

మీ శిష్యురాలు