అమావాస్య నాడు ఆడిన మగ్గం

రామలింగా,

రొట్టెలు, ఊరిబిండి గూట్లో పెట్టినా. కొళాయి వస్తే బిందెలు నింపు. నేను పట్టు తేవడానికి షావుకారు ఇంటికి పోతున్నా.

నిన్న నేతగాళ్ల బతుకు సినిమా తీస్తామని నీ కాలేజీ వాళ్లను తీసుకొచ్చినావే, అమావాస్య నాడు మన ఇండ్లలో మగ్గం ముట్టరని నీకు తెలీదా? వాళ్లంటే ఎరగరు. నీ నోరేమయింది? "పెద్దాయనా, కెమెరా కోసం కొంచెం నేయండి" అని వాళ్లు అడగ్గానే, నాయన మగ్గానికి దండం పెట్టుకొని, కాళ్లు పెట్టే గుంతలోకి దిగి నేసినాడు. నువ్వేమో పక్కన నిలబడి లైటు పట్టుకున్నావు!

ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత అడిగితే, "పోనీలేమ్మా, కాదంటే ఆ పిల్లోళ్ల ముందర మనోని మొగం చిన్నబోతాది" అన్నాడు. ఆ మాట మీ సినిమాలో ఉండదులే.

అక్క

రొట్టెలు ఇద్దరికీ అని చేసినా. మగ్గం ముట్టినందుకు నాయన ఈ పొద్దు ఉపవాసమంట. అన్నీ నీకే. కడుపునిండా తిను.