ఎడమవైపు దారి

అక్టోబరు 5, శనివారం

కొండకి వెళ్తానన్నాను. అంతే. ఒక ఆదివారం, ఒక్కదాన్నే. అడవిలో తొమ్మిది కిలోమీటర్ల లూప్, మధ్యలో నది, నది మీద జలపాతం. చీకటి పడేలోపు ఇంట్లో ఉంటానన్నాను. అమ్మ గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. ఎవరే వాడు, అంది.

ఎవడూ లేడన్నాను. ఓహో, అయితే వదిలేసి పోయాడన్నమాట, అని తేల్చేసింది. గంటలో అక్కకి ఫోను వెళ్ళింది. అక్క నాతో చాలా మెత్తగా మాట్లాడింది, పిల్లికి మాత్ర మింగించేటప్పటి గొంతుతో. మనసులో ఉన్నది చెప్పేసుకుంటే తేలికవుతుందట. నా మనసులో ఉన్నది మ్యాపు. చెప్పాను. నమ్మలేదు.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. నన్ను ఒంటరిగా పంపరు. అందరూ వస్తారు.

అక్టోబరు 6, ఆదివారం

అక్కని వెంటేసుకుని బావ దిగాడు. టైల్స్ షోరూమ్‌కి మేనేజరు. నేల మీద పరిచేవన్నీ తెలుసు కాబట్టి నేల గురించి అంతా తెలుసనుకుంటాడు. వస్తూనే ఫోనులో గ్రూపు పెట్టి తన పేరు పక్కన లీడర్ అని రాసుకున్నాడు. కొత్త షూలు, రెండు చేతికర్రలు, మెడలో విజిల్ కొన్నాడట. హాల్లో ఓసారి ఊది చూపించాడు. పక్కింటి కుక్క జవాబిచ్చింది.

పనిలో పనిగా నాకు ఉద్యోగం కూడా తెచ్చాడు. తన స్నేహితుడి ఆఫీసట. రెండేళ్ళ బాండ్ మీద సంతకం పెట్టాలి, మధ్యలో మానడానికి వీల్లేదు. అదే దీనికి కావలసింది అంది అమ్మ. ఈ ఇంట్లో నా ముద్దుపేరు 'సగం'. పెట్టింది అక్క. నేను సగంలో వదిలేసినవన్నీ అమ్మకి ఎక్కాల్లా నోటికి వచ్చు: సంగీతం, ఈత, పీజీ, మొన్నటి ఉద్యోగం.

ఈత మానేసిన మాట నిజమే. కొలనులో నీళ్ళు పచ్చగా ఉండేవి. నేను మానేసిన రెండో వారంలో ఎనిమిదిమందికి కళ్ళకలక వచ్చింది. ఆ ముక్క ఎవరికీ గుర్తులేదు. నేను మానడం మాత్రం గుర్తుంది.

అక్టోబరు 9, బుధవారం

బస్సెక్కి ఫారెస్ట్ ఆఫీసుకి వెళ్ళివచ్చాను. గార్డు పెద్దాయన. టిఫిన్ డబ్బా మూత మీద వేలితో దారి గీసి చూపించాడు. కార్లు ఆగే చోట ఉన్న బోర్డు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే రెండు కిలోమీటర్లలో నది దాటాలి, ఇంకో కిలోమీటరుకి జలపాతం, అక్కణ్ణుంచి కొండ చుట్టి మళ్ళీ బోర్డు దగ్గరికి ఆరు. దాటే చోట ఒక రాయికి తెల్ల గీత ఉంటుందట. గీత కనబడితే దాటమన్నాడు. కనబడకపోతే ఇంటికి పొమ్మన్నాడు. నదితో బేరాలుండవమ్మా, అన్నాడు.

అందుకే ఎడమ నుంచే మొదలుపెట్టాలట. నీళ్ళు ఎక్కువుంటే నలభై నిమిషాల్లోనే తెలిసిపోతుంది. కుడి నుంచి వస్తే ఏడు కిలోమీటర్లు నడిచాక తెలుస్తుంది, అవతల కారు రెండే కిలోమీటర్ల దూరంలో ఊరిస్తూ ఉంటుంది. నీళ్ళు తక్కువని కాదమ్మా, కాళ్ళు నెప్పులని దిగుతారు, అన్నాడు.

ఈ వారంలో తెలివైన మాట విన్నది ఇదొక్కటే.

అక్టోబరు 12, శనివారం

ప్లాన్ చదివాను. ఒక పేజీ. బయలుదేరే టైము, గీత సంగతి, గీత కనబడకపోతే వెనక్కి. నాన్న మోకాలికి బెల్టు, మాత్రలు. ఎవరూ సాంతం వినలేదు.

బావ లూప్‌ని తిరగేశాడు. కుడి నుంచి వెళ్దాం, కొండ ముందు ఎక్కేద్దాం, జలపాతం చివర్లో పెట్టుకుందాం, అప్పుడే ఫొటోలకి ఎండ బావుంటుంది అన్నాడు. గార్డు చెప్పింది చెప్పాను. వాళ్ళు అలాగే భయపెడతారు మరదలా, నేను చూడని అడవులా, అన్నాడు. వాళ్ళ షోరూమ్ ముందు కుండీలు నాలుగున్నాయి.

వెనక్కి రావలసివస్తేనో అన్నాను. ఇంకా బయలుదేరనే లేదు, అప్పుడే వెనక్కా, అని నవ్వాడు. అక్క నవ్వింది. అమ్మ నవ్వింది. నాన్న పేపరు మడిచి, పోనీలే అమ్మా, అల్లుడు ముచ్చటపడుతున్నాడు, అన్నాడు.

నాన్న జీవితమంతా ఆ పోనీలే మీదే గడిచిపోయింది. మా స్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో మాత్రం రెండూ రెండూ ఎంతని అల్లుణ్ణి అడుగుతాడు.

అక్టోబరు 15, మంగళవారం

ఆఫీసు చూసొచ్చాను. ఇనప సామాన్ల షాపు పైన ఒక హాలు, కిటికీలకి అట్టలు. బాండ్‌తో పాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ళ బీరువాలో పెట్టాలట. మానేస్తే ఇస్తారా అని అడిగాను. ఇంకా చేరనేలేదు, అప్పుడే మానడమా అని నవ్వాడు బావ స్నేహితుడు. ఇద్దరూ ఒకే కాలేజీ.

నాకు చూపించిన కుర్చీ పక్క సీటులో ఒకమ్మాయి. టేబులు అంచున పెన్సిలు గీతలు, ఐదేసి కట్టలుగా. ఏమిటవి అన్నాను. రోజులు, అంది. తల ఎత్తలేదు.

సర్టిఫికెట్ల ఫైలు మాత్రం బావ అక్కడే ఇచ్చేశాడు. నా చేతిలోంచి తీసి. సంతకం సోమవారం.

అక్టోబరు 17, గురువారం

ఇక్కడ ఎండ. కొండల్లో రెండు రోజులుగా వాన. గ్రూపులో పెట్టాను. బావ నల్ల కళ్ళజోడు బొమ్మ పంపాడు.

అక్టోబరు 19, శనివారం

రేపు కొండకి వెళ్ళననుకున్నాను. కానీ నాన్న బెల్టు కట్టుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తున్నాడు. ప్రాక్టీసట. జలపాతం ఎంత ఎత్తుంటుందే అని అడిగాడు, మూడోసారి. ఆయన్ని ఈ మూకతో పంపలేను.

అక్టోబరు 20, ఆదివారం, రాత్రి 8

బోర్డు దగ్గర చివరిసారి అడిగాను. ఎడమకి వెళ్దాం, నలభై నిమిషాలు చాలన్నాను. బావ విజిల్ ఊదాడు. అందరూ కుడికి తిరిగారు.

కొండ బాగానే ఎక్కాం. బావ ప్రతి మలుపులోనూ ఆగాడు, మాకోసం అన్నాడు, రొప్పుతూ. అమ్మ తడవకోసారి ఇంకెంత దూరమని నన్నే అడిగింది. లీడర్ని కాదు, నన్ను. జలపాతం నిజంగా బావుంది. నాన్న తుంపర్లలో కళ్ళద్దాలు తుడుచుకోకుండా నిలబడిపోయాడు. ఆ ఐదు నిమిషాలు నాకు ఎవరి మీదా కోపం లేదు. తర్వాత బావ ఫొటోలు గంటసేపు.

దాటే చోటికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. రాయి ఉంది. గీత లేదు. నీళ్ళు ఎర్రగా, చప్పుడు కూడా పెద్దగా లేదు, అదే నచ్చలేదు నాకు. వెనక్కి అన్నాను.

బావ లెక్క చెప్పాడు. అటు రెండు, ఇటు ఏడు, చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అక్క, ఇక్కడా సగమేనా తల్లీ, అంది. అమ్మ, కాళ్ళు ఇంక నడవవే, అని రాయి మీద చతికిలబడింది. బావ కర్రలు పట్టుకుని దిగాడు. మూడో అడుగుకి ఎడమ కర్ర పోయింది. నాలుగో అడుగుకి కుడి కర్రా, ఒక షూ పోయాయి. తొడల్లోతు నీళ్ళలో నాలుగు కాళ్ళ మీద తిరిగొచ్చాడు. విజిల్ నోట్లోనే ఉండిపోయింది, ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా కూసింది. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

అప్పుడు చూశాను. నాన్న ఒడ్డున కూర్చుని షూ లేసులు విప్పుతున్నాడు. చెయ్యిస్తే దాటేస్తాడు పాపం, ఒక్కడే ఇబ్బంది పడ్డాడు, అంటున్నాడు. ఆ నీళ్ళు చూస్తూనే అంటున్నాడు. అల్లుడి మాట పోతుందని దిగబోతున్నాడు.

నేను కింద కూర్చుని లేసులు మళ్ళీ కట్టాను. రెండు ముళ్ళు వేశాను.  నాన్న ఈసారి పోనీలే అనలేదు. లేచి నా వెంట వెనక్కి నడిచాడు. కాసేపటికి మిగతావాళ్ళ అడుగులు వినబడ్డాయి.

ఏడు కిలోమీటర్లు. నాన్న నా భుజం పట్టుకునే నడిచాడు. మోకాలు కొబ్బరికాయంత అయింది. బావ ఒంటి షూతో, రెండో కాలికి అక్క చున్నీ చుట్టుకుని వచ్చాడు. కారు చేరేసరికి చీకటి పడబోతోంది.

అక్టోబరు 21, సోమవారం, ఉదయం 8

పొద్దున్నే బావ ఫోను. స్పీకర్లో పెట్టింది అమ్మ. ఎవరో చుట్టాలకి అప్పటికే చెప్పేశాడట: నీళ్ళు చూడగానే ప్రమాదం పసిగట్టి, మూడడుగులు వేసి పరీక్షించి, లీడర్‌గా అందర్నీ వెనక్కి తిప్పాను అని. అమ్మ మెచ్చుకుంది. సమయానికి బుద్ధి పనిచేసింది బాబూ, అంది. ఫోను పెట్టేసి నావైపు తిరిగి, ఆ నడకైనా పూర్తి చెయ్యలేకపోయావు, ఉద్యోగమైనా సరిగ్గా చెయ్యి, అంది.

 సంతకానికని నా సంచిలో పెన్ను వేసిందీ అమ్మే.

నిన్నటి బురద షూలే తొడుక్కున్నాను. నాన్న సోఫాలో మోకాలి మీద ఐసు పెట్టుకుని ఉన్నాడు. నీ లేసు వదులుగా ఉంది, కట్టుకుని వెళ్ళు, అన్నాడు.

మధ్యాహ్నం 12

సంతకం పెట్టలేదు. సంతకానికి ముందు ఓసారి సరిచూసుకుంటానని బీరువాలోంచి ఫైలు తీయించి, దానితోనే మెట్లు దిగి వచ్చేశాను, సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి. నదిలో నీళ్ళు తగ్గాక ఒక్కదాన్నే వెళ్తాను. ఎడమ నుంచి.