దుమ్ములగొండి బొమ్మ

మేళ్లచెరువుల ఉన్న మా అక్కకు, హైదరాబాద్ నుంచి తమ్ముడు సైదులు దండం పెట్టి రాస్తున్న. నేను మంచిగున్న. నువ్వు, పిల్లలు ఎట్లున్నరు? బావ దగ్గు తగ్గిందా? అమ్మకు కండ్లు జరంతన్న కనబడుతున్నయా?

గీడ వారం సంది ముసురు. రూముల బట్టలు ఆరుతలెవ్వు. హోటల్ల కూర చప్పగ ఉంటది, ఎవరన్న వస్తుంటె మిరపకాయ తొక్కు పంపు. పని మంచిగనే ఉంది, పరేషాన్ కాకు. పాత లైబ్రరీల చినిగిన పుస్తకాలకు పలచటి కాగితం అతికి, మళ్ల కుడుతున్న.

పోయిన నెల ఒక ఫారిన్ పుస్తకం నా చేతికొచ్చింది. మూడు నాలుగు వందల ఏండ్ల కిందటిదట. నిండ జంతువుల బొమ్మలే, రాగిరేకు మీద సన్నగ చెక్కి అచ్చేసినవి. ఖడ్గమృగానికి ఇనుప చొక్కా తొడిగినట్టు గీసిండ్రు.

"చూడకుండా, విన్నది పట్టుకొని గీశారు సైదులూ" అని మా సారు నవ్విండు. నేను గూడ నవ్విన.

తెల్లారి ఇంకో పేజీ తిప్పితె దుమ్ములగొండి. ఒంటి నిండ చారలు, వీపు మీద నిక్కిన జుట్టు. కండ్లు మాత్రం మనిషి కండ్లే. కింద ఏం రాసిండ్రని సారును అడిగిన.

"మనిషి గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందట. బయటికొచ్చినవాళ్లను ఎత్తుకుపోతుందట."

బ్రష్ పక్కకు పెట్టి ఆ బొమ్మను మళ్ల సూసిన. మన చెల్లె లచ్చిమి సున్నపురాయి గుంతల పడి సచ్చిపోయిన కాడ్నుంచి అమ్మ అనేది గదే మాట గదా అక్కా. "నా బిడ్డను దుమ్ములగొండి పిలిచింది. లచ్చిమీ అని పిలిస్తె నా చెవులార ఇన్న."

నాలుగు రోజులు ఆ పేజీ నా బల్ల మీదనే ఉండె. ఎటు జరిగినా ఆ కండ్లు నన్నే సూసినయ్. అమ్మ మాటకు పుస్తకంల గూడ సాక్ష్యం దొరికింది, ఇగ ఊకుందామనుకున్న. కని పొద్దుగూకితె అమ్మ నీ పిల్లల పేర్లు పిలవనిస్తలేదని, ఎవరన్న పిలిస్తె చెవులు మూసుకొని ఏడుస్తదని రాసినవ్. ఇగ నాతోని కాలే.

ఆ పొద్దు లచ్చిమిని పిలిచింది నేనే.

మేకపిల్ల తప్పిపోయింది. వాన, మసకమసకగ ఉంది. గుంత అవతలి ఒడ్డుకెళ్లి "లచ్చిమీ, జల్ది రా" అని కేకేసిన. సుట్టు తిరిగి వస్తదనుకున్న. అది నా గొంతు దిక్కు తిన్నగ ఉరికొచ్చింది. నీళ్ల సప్పుడు ఇన్న. భయమై, దిగి సూడకుండ ఇంటికొచ్చి, ఏం ఎరగనట్టు కూసున్న. అప్పుడు నాకు పన్నెండేండ్లు.

ఈ ఉత్తరం అమ్మకు సదివి ఇనిపియ్యి. ఒక్క మాట గూడ దాయకు. ఐతారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. ఇంట్లకు రానియ్యకపోతె వాకిట్లనే ఉంట.

బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. ఎప్పుడు రాసినా చివరికి అమ్మ దీవెన అడుగుత. ఈసారి అడుగుతలేను.

నీ తమ్ముడు
సైదులు