గురువారం కరెంటు

11 అక్టోబరు 2012, గురువారం

పవర్ హాలిడే. కరెంటు లేక నాచారంలో మా లైన్ షెడ్లన్నీ బంద్. మెషిన్లకు గ్రీజు పెడుతుంటే ఉప్పలయ్య ఓనరు గదిలోంచి ఇంగ్లిష్ పేపరు పట్టుకొచ్చాడు. గీ ఫోటోల ఉన్నది మన సారు మేనల్లుడే గదా, జర సదివి సెప్పు అన్నాడు.

తేజేషే. కొత్త బ్యాండ్ల మీద అర పేజీ. హరిత అనే ఆమె రాసింది. 'గురువారం' బ్యాండ్‌తో ఇంతవరకు ఏ మ్యూజిక్ కంపెనీ సంతకం చేయించుకోలేదట. అది కంపెనీల గుడ్డితనమట.

నా ఇంగ్లిష్ ఇంటర్ దాకానే. రెండుసార్లు చదివాను. పాటకంటే బీట్‌నే ఎక్కువ మెచ్చుకుంది. మూడు దెబ్బలు వరసగా పడతాయట. నాలుగోదానికి ముందు చిన్న ఖాళీ వస్తుందట. ఇంత ధైర్యమైన నిశ్శబ్దం ఈ ఊళ్లో ఎవరూ వాడలేదట. ఎలా వచ్చిందని తేజేష్‌ను అడిగితే, నాగోల్ బ్రిడ్జి మీద ఒంటరిగా నిలబడి ఉంటే తట్టిందని చెప్పాడట.

నా పేరు ఎక్కడా లేదు. మూడోసారి కూడా వెతికాను.

12 అక్టోబరు

జరిగింది ఇక్కడైనా రాసి పెట్టుకోవాలి.

ఆరో నంబరు ప్రెస్సు మీద నేను ఇనుప పట్టీలు వంచి, ఫ్యాన్లు వేలాడదీసే క్లాంపులు కొడతాను. ఒక్కో ఇనుప పట్టీకి నాలుగు దెబ్బలు. మూడు వరసగా పడతాయి. నాలుగోదానికి పట్టీని ఎడమ చేత్తో తిప్పాలి. 2009లో అదే ప్రెస్సు కింద నా ఎడమ చేతి చివరి రెండు వేళ్లు పోయాయి. తిప్పడం కొంచెం ఆలస్యమవుతుంది. హరిత రాసిన నిశ్శబ్దం ఆ ఆలస్యమే.

ఈ ఎండాకాలం గురువారాలు కరెంటు తీసేయడం మొదలైనప్పుడు తేజేష్ ఇద్దరు ఫ్రెండ్స్‌తో షెడ్డుకు వచ్చాడు. ఏఎస్ రావు నగర్‌లో ఇంట్లో వాయిస్తే పక్క ఫ్లాట్ల వాళ్లు గొడవ పెడుతున్నారట. తాళం నా దగ్గరే ఉంటుంది. ఖాళీ ఆయిల్ డ్రమ్ము మీద నేను ఊరికే కొడుతుంటే ఆగి విన్నాడు. నా చేతికి వేరే కొట్టుడు రాదు. నాలుగు నెలలు వాళ్లతో కొట్టాను. బ్యాండ్‌కు 'గురువారం' అని పేరు పెట్టుకుంది కూడా ఆ సెలవు రోజు చూసే. ఆగస్టులో ఒకరోజు నా బీట్ మొత్తం ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకున్నాడు. తర్వాతి వారం, నువ్వు స్టేజి మీద మాతో సెట్ అవ్వట్లేదు పాండురంగా, ఏమీ అనుకోకు అన్నాడు.

ఏమీ అనుకోలేదన్నాను. అబద్ధం.

15 అక్టోబరు

ఫోన్ చేశాను. పేపర్లో నా పేరు వేయించమన్నాను. తేజేష్ నవ్వాడు. ఎడిట్ చేసింది నేను, నువ్వు డబ్బా కొట్టావంతే, దానికి క్రెడిట్ ఏంటి, మావయ్యతో చెప్పించమంటావా అన్నాడు.

వద్దన్నాను.

18 అక్టోబరు, గురువారం

బంద్. ఇనుప రజను ఊడ్చాను. పొద్దుటి నుంచి ఉప్పలయ్య ఒకటే పాట, ఏం స్టారూ, ఆటోగ్రాఫ్ ఇయ్యవా అని. చివరికి తనే, వేళ్లు నీయి పాయె, పేరు ఆనికి వచ్చె, నువ్వేమో గీడ ఊడ్వవడితివి అన్నాడు.

26 అక్టోబరు

కరెంటాఫీసు నుంచి కాగితం వచ్చింది. నవంబరు నుంచి మా లైన్‌కు పవర్ హాలిడే మంగళవారం. గురువారం కరెంటు ఉంటుంది. ఓనరు నోటీసు బోర్డు మీద అంటించమన్నాడు. అంటించాను.

3 నవంబరు

తేజేష్ ఫోన్. అన్నా అన్నాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి. ముంబై కంపెనీ ఒకటి వీడియో అడిగిందట. హరిత గారు కూడా వస్తున్నారట. పాట పుట్టిన చోటు చూసి పెద్ద ఆర్టికల్ రాస్తారట. వచ్చే గురువారం పదకొండింటికి షెడ్డు తీసి పెట్టన్నా, మావయ్యతో మాత్రం అనకు, వీడియో అంటే ఒప్పుకోడు అన్నాడు.

హాలిడే ఏ రోజని అడగలేదు. బ్యాండ్ పేరే గురువారం. ఎందుకు అడుగుతాడు.

తీసి పెడతానన్నాను. అందులో అబద్ధం లేదు.

7 నవంబరు

ఆరో నంబరు పెడలుకు నూనె వేశాను.

8 నవంబరు, గురువారం, మధ్యాహ్నం రెండు

పదకొండుకు పది నిమిషాల ముందు వచ్చారు. బ్యాండ్ ముగ్గురు, కెమెరా వాళ్లు ఇద్దరు, హరిత. ఓనరు ఇంకా రాలేదు. లైన్‌లో షెడ్లన్నీ నడుస్తున్నాయి. గేటు దగ్గరే తేజేష్ మొహం మాడిపోయింది. లోపలికి వచ్చి ఏదో అరిచాడు. ప్రెస్సుల మోతలో నోరు కదలడమే కనిపించింది. నోటీసు బోర్డు చూపించాను. చదివాడు. చెవి దగ్గరికి వచ్చి మెషిన్లు ఆపించమన్నాడు. అది నా చేతిలో లేదు, మీ మావయ్యకు ఫోన్ చేయండి అన్నాను. చేయలేదు.

పదకొండింటికి చాయ్. మా షెడ్డులో అందరూ మెషిన్లు ఆపి బయటికి వెళ్లారు. ఆ పది నిమిషాల్లో ఏదో ఒకటి తీసేద్దామని కెమెరా వాళ్లు స్టాండు వేస్తున్నారు. నేను చాయ్‌కి వెళ్లలేదు. ఆరో నంబరు మీద కూర్చుని పెడలు తొక్కాను. మూడు దెబ్బలు. తిప్పడం. నాలుగోది.

హరిత తల తిప్పింది. వచ్చి నా పక్కన నిలబడింది. పది పట్టీలు అయ్యేదాకా కదల్లేదు. ముందు మెషిన్‌ను చూసింది, తర్వాత నా ఎడమ చేతిని. తేజేష్ వచ్చి ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. నాగోల్ బ్రిడ్జి ఇక్కడికి ఎంత దూరం అని అడిగింది. అతను నిజంగానే కిలోమీటర్లు చెప్పబోయాడు.

నీ పేరేందన్నా అని నన్ను అడిగింది. ఇక్కడి మనిషే. పేరు చెప్పాను. వేళ్ల సంగతి అడిగింది. ఏ సంవత్సరమో, ఏ మెషినో, వేళ్లు లోపలికి పోకుండా ఉండే గార్డును స్పీడు కోసం తీయించింది ఎవరో, అన్నీ చెప్పాను. అడిగినదానికంటే ఎక్కువే చెప్పాను. తేజేష్ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒక్క మాట కూడా అతని చెవి తప్పిపోకూడదని మెల్లగా చెప్పాను.

18 నవంబరు, ఆదివారం

వచ్చింది. ముప్పావు పేజీ. మొదటి వాక్యంలోనే నా పేరు. కింద నా చెయ్యి ఫోటో. పాట ఇప్పటికీ బాగుందనే రాసింది, బీట్ మాత్రం పాండురంగదని రాసింది. బ్రిడ్జి సంగతి వదల్లేదు. ముంబై కంపెనీని ఆమె అడిగితే ఆలోచించుకుంటామందట.

తేజేష్ తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ప్రతిసారీ రింగు ఆగిపోయేదాకా కూర్చుని విన్నాను.

21 నవంబరు

ఓనరు జనార్ధనరావు గదిలోకి పిలిచాడు. పేపరు బల్ల మీద ఉంది. నీకేం తక్కువ చేశానయ్యా, ఆ రోజు కార్లో ఆస్పత్రికి తీసుకెళ్లింది నేను కాదా అన్నాడు. తీసుకెళ్లిన మాట నిజం. ఆర్టికల్ చూసి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తానన్నాడట. అందుకని ప్రెస్సులన్నిటికీ గార్డులు బిగిస్తున్నారు. వేళ్లు లేనివాడు ప్రెస్సు మీద కనపడకూడదట. రేపటి నుంచి నాకు ప్యాకింగ్.

సరేనన్నాను. బోర్డు చదువుతున్నప్పటి తేజేష్ మొహం గుర్తు చేసుకున్నాను. ఇంకా హాయిగానే ఉంది.

22 నవంబరు, గురువారం

కరెంటు ఉంది. అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాను. ఆరో నంబరు మీద ఉప్పలయ్యను కూర్చోబెట్టారు. పది వేళ్లు. నాలుగు దెబ్బలూ వరసగా పడుతున్నాయి.