పెద్దమ్మ దూప

కొండాపూర్, బంద్ రోజు రాత్రి.

మా పెద్దమ్మ ఈ మధ్యాహ్నం మరణించిందని ఇందుమూలంగా నాకు నేనే తెలియజేసుకుంటున్నాను. పుట్టింది గుంటూరులో. నర్సుగా పనిచేసిందీ, నర్సులకు చదువు చెప్పిందీ పాలమూరు వైపు సర్కారు దవాఖానల్లో. చివరికి ఆమె మాట కూడా అక్కడిదే అయిపోయింది. సూది పట్టకముందే రోగుల మాట నేర్చుకోవాలన్న నియమం ఆమె పెట్టిందే. అంతకుముందు అది అవసరమని పైఅధికారులెవరికీ తోచలేదు.

ఉదయం ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచి, "దూపైతుంది బిడ్డా" అంది.

కోస్తా నుంచి కొత్తగా వచ్చిన నర్సు ఎంతో మర్యాదగా, "ఐసీయూలో ధూపం వెయ్యనివ్వరండీ" అని చెప్పింది.

"దూప అంటే దాహం, సిస్టర్!" అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగా.

పెద్దమ్మ నవ్వబోయింది. "పిల్ల మీద కోప్పడకురా. నేను గూడ మొదటి దినం, ఒక ముసలాయన దూప అంటే, అగరొత్తులే తెచ్చిన. ముట్టిచ్చేలోపే ఆ ముసలాయన పోయిండు."

కింద రోడ్డు మీద ఎవరు ఏ ప్రాంతంవారో తేల్చే నినాదాలు సాగుతున్నాయి. నర్సు చెంచాతో నీళ్లు పట్టింది. పెద్దమ్మ మొదటి చెంచా మింగింది. రెండోది పెదవి చివర నుంచి దిండు మీదికి జారింది.

మధ్యాహ్నానికి మరణాన్ని వైద్యులు ధ్రువీకరించారు. దూప తీరిందో లేదో ధ్రువీకరించే అధికారం ఎవరికి ఉందో తెలియరాలేదు.