రోమంథం

12 జూన్ 2018

జడ్చర్ల కాలేజీ. సెకండియర్ క్లాసులో పాత పద్యం చెబుతూ ఒక మాట దగ్గర ఆగాను. రోమంథం. అంటే నెమరు వేయడం అన్నాను. మరి కవి నెమరు అనే రాయొచ్చుగా మేడమ్ అని మంజుల అడిగింది. ఛందస్సు కోసం అన్నాను. అబద్ధం కాదు, జవాబూ కాదు.

13 జూన్

కవులు ఆశ్రమాన్ని వర్ణించాలంటే నెమరు వేసే లేళ్లను ఎందుకు తెస్తారని ఇంట్లో మా బాపును అడిగాను. నలభై ఏళ్లుగా బర్రెలు మేపుతున్న మనిషి. క్షణమైనా ఆలోచించలేదు. "బెదిరిన గొడ్డు నెమరెయ్యదు బిడ్డా. జెరమొచ్చినా ఎయ్యదు. నెమరేస్తాందంటే దానికి ఏ ఫికర్ లేదన్నట్టు."

నా నిఘంటువులో ఈ అర్థం లేదు! ఆగస్టు సెమినార్‌కు ఇదే పేపర్.

బాపు కుడి పక్కనే నములుతున్నాడు. పన్ను సలుపుతుందేమో. అడగాలి.

9 ఆగస్టు

పేపర్ చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి. బాపు మాటను చెప్పాను. పేరు చెప్పలేదు. "ఒక పశుపాలకుడు" అన్నాను. ఎందుకలా అన్నానో తెలుసు. రాయడానికి సిగ్గుగా ఉంది.

21 ఆగస్టు

పన్ను కాదు. దవడ క్యాన్సర్.

ఎన్నాళ్ల నుంచి ఒక పక్కనే నములుతున్నాడని డాక్టర్ అడిగాడు. తనకు తెలవదంది అమ్మ. నాకు తెలుసు. జూన్ నుంచి తెలుసు. నోరు విప్పలేదు.

17 సెప్టెంబర్

ఎడమ దవడ తీసేశారు. ముక్కులోంచి ట్యూబ్.

28 అక్టోబర్

దవాఖాన నుంచి వచ్చి మూడు వారాలు. బాపుకు ఇంకా ట్యూబ్‌లోంచే గంజి. నేనూ అమ్మా వంటింటి తలుపు దగ్గరకు వేసి తింటున్నాం, శబ్దం రాకుండా. ఇవాళ బాపు లేచి వచ్చి ఆ తలుపు తోశాడు. నా నోట్లో రొట్టె ముక్క. కంచం వెనక్కి దాచాను, దొంగలా.

ఆయన నా చెయ్యి పట్టుకుని ముందరి గదిలోకి తీసుకొచ్చాడు. అమ్మనూ పిలిచాడు. మంచం పక్కన కూర్చోబెట్టాడు. నీ ముందు ఎట్ల తినాలయ్యా అని అమ్మ ఏడ్చింది. బాపు ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. రెండోసారికి అర్థమైంది.

"బెదరకుండ్రి. తినుండ్రి."

నమిలాం. మా నోళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు, కంచాలు ఖాళీ అయ్యేదాకా. ఆయన ముఖంలో బాధ కనబడలేదు. అదే తట్టుకోలేకపోయాను.

8 నవంబర్

నిన్నటి నుంచి ట్యూబ్‌లో పోసిన గంజి కూడా నిలవడం లేదు.

11 నవంబర్

బాపు లేడు.

13 నవంబర్

మూడో దినం. బాపు కాకై వచ్చి తింటాడని పిట్టకు పెట్టడానికి పోయాం. అమ్మ ఆకులో మాంసం ముక్కలు వేసి, బొక్కలు ఏరేసి, వేళ్లతో మెత్తగా మెదుపుతోంది. బాపు చెల్లెలు గుర్వమ్మత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"మెదపకు వదినె. ఇగ మా అన్న నములుతడు."

అమ్మ పెద్ద ముక్క తీసి పెట్టింది.