అరవై రెండు చుట్ల పాట

ఆగస్టు 4, సోమవారం

మబ్బు పట్టింది, వాన లేదు. ఒకటే ఉక్క. షాపు ముందు మోరీలో పేరుకున్న మట్టి తీశాను. రెండు మోటార్లు విప్పాను. రెండింటిలోనూ తీగ మాడి నల్లబడింది. మొత్తం తీసి కొత్తగా చుట్టాలి.

సాయంత్రం ఆరున్నరకు మళ్ళీ అదే గోల. లోకల్ కేబుల్‌లో పాటల ప్రోగ్రాం. ఊళ్ళలో ఎవరో ఒకరిని గోడకు ఆనించి కూర్చోబెట్టి పాడిస్తారు. ఒకటే కెమెరా, అదీ వణుకుతుంది. కింద బోర్‌వెల్ ప్రకటన పరుగెడుతుంది. పాడేవాడు దగ్గితే ఆ దగ్గు కూడా ఉంచుతారు. షాపుకూ టీవీ గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం, అదీ కప్పు దాకా లేదు. మా ఆవిడ సుశీల ఒక్క రోజు వదలదు. ఇందులో ఏం కనబడుతుందో ఆమెకే తెలియాలి.

ఆగస్టు 5

రేపు తిమ్మప్ప బావ పాట వేస్తారట. సుశీలకు సొంత అన్న. పీర్ల పండుగప్పుడు కేబుల్ వాళ్ళు ఆయన ఊరు చంద్రబండ పోయి తీశారట. పొద్దున్నుంచి సుశీల ఇది మూడోసారి చెప్పడం.

"నేను రేపు మస్కికి పోవాలె, చెల్లె బిడ్డ సీమంతం. నువ్వు టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి ఎర్ర బటన్ ఒత్తు, రికార్డయితది. గంతే పని."

"ఊఁ."

"ఊఁ కాదు. అన్నకు పై పండ్లన్ని కదులుతున్నయ్. ఈ నెల్లనే పీకుతరు. పండ్ల సెట్టు కట్టినంక ఆ మాట ఉండది. మల్ల పాడమంటె పాడడు గూడ."

అది నిజమే. పండుగ పది రోజులు తప్ప పీర్ల పాట నోట్లోకి రానివ్వడు. వాళ్ళ నాయన పెట్టిన కట్టు. పీర్లు దిగితే ఏడాది దాకా నోరు మూత.

ఆగస్టు 6

బటన్ నొక్కలేదు.

నలభై చుట్ల దగ్గర ఉన్నాను. చేయి ఆపితే లెక్క పోతుంది. ఈ తీగ చుట్ట కాగానే లేద్దామనుకున్నాను. అయ్యేసరికి అవతల పాట మొదలైంది. ఇంకొకటి పట్టుకున్నాను... ఆ వణికే బొమ్మ దాచుకుని ఏం చేస్తారులే అని కూడా అనుకున్నాను. అనుకున్నది రాయాలి కదా.

ఏడున్నరకు మస్కి నుంచి ఫోన్. "అయిందా?"

"అయింది."

ఎందుకన్నానో!

ఆగస్టు 7

నిన్నటి మోటారు కరెంటు పెట్టగానే గుర్రుమంది. విప్పి ఒక్కొక్క చుట్ట లెక్కపెట్టాను. ఒకదానిలో అరవై రెండు చుట్లు ఉండాల్సినచోట అరవై ఎనిమిది. ఆరు ఎక్కువ! ఈ పని నాకెవరూ నేర్పలేదు. కాలిన మోటార్లు విప్పి, పాత తీగ చుట్లు లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాను. లెక్క ఒక్కటే నా చదువు. అదీ తప్పింది. అంతా ఆ పాట వల్లే. గోడ మీది నుంచి "నీళ్ళకు పోయినోడు రాలేదమ్మా" అని లాగుతూ ఉంటే మనిషి ఏం లెక్కపెడతాడు?

తీగ దండగ. పూట దండగ.

ఆగస్టు 8

సుశీల వచ్చింది. చెప్పులు విడుస్తూనే, "ఏదీ పెన్‌డ్రైవ్?"

"షాపులో ఎక్కడో ఉంది. చూసి ఇస్తా."

"ఎక్కడో ఏంది? తాళంచెవి అనుకున్నవా?"

షాపులోకి నడిచాను. మాట్లాడని మనిషినని పేరుంది, ఇట్లాంటప్పుడు పనికొస్తుంది.

ఆగస్టు 9

బావ పాట ఇంకా ఉందేమో అడుగుదామని కేబుల్ ఆఫీసుకు పోయాను. ఆఫీసంటే ఒక మేడ మీద గది. మహబూబ్ ఒక్కడే అన్నీ. కెమెరా వాడిదే, బండి వాడిదే, ప్రకటనలు రాసేదీ వాడే.

"అరె చాచా, కెమెరాకు ఉన్నది ఒకటే కార్డు. తీసుడు, ఏసుడు, తుడుసుడు. కంప్యూటర్ల మిగిలిందేమో ఎతకాలె."

"మళ్ళీ వేస్తావా?"

"కొత్తది లేనినాడు పాతది ఏస్త. ఏది చేతికొస్తె అది."

"ఏ రోజు?"

"గది నాకెట్ల తెలుస్తది?"

అంటే రోజూ చూడాలి. పెన్‌డ్రైవ్ పెట్టి, బటన్ మీద వేలు పెట్టి. నా ఖర్మ.

ఆగస్టు 11

ఆరున్నరకు పని ఆపి టీవీ ముందు కూర్చున్నాను. సుశీల నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది. "జరమైతె లేదు మరి."

బావ పాట రాలేదు. ఎవరో కల్మల ఊరామె, విసుర్రాయి పాట. మధ్యలో బర్రె వచ్చి ఆమె భుజం మీద మూతి పెట్టింది. మోచేత్తో దాన్ని తోసింది, పాట ఎక్కడా తెగలేదు. మహబూబ్ కెమెరా కూడా ఆపలేదు. నవ్వొచ్చింది. సుశీల చూడకముందే మానుకున్నాను.

ఆగస్టు 12

రాలేదు. సరిగ్గా ఆరున్నరకు కరెంటు పోయింది. ఏడుకు వచ్చింది. అప్పటికి అక్కడ చీరల ప్రకటన.

మనసు చివుక్కుమంది. ఆ చివుక్కు మీద ఇంకా చిరాకు.

ఆగస్టు 14

ఈరోజు ఒక ముసలాయన, ఏకతారితో తత్వం. సగంలో మాట మరిచిపోయాడు. వేరేచోటయితే కత్తిరించేవాళ్ళు. ఇక్కడ ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు, తీగ ఒక్కటే మోగుతోంది, కెమెరా ఆయన ముఖం మీదే ఉంది. మాట దొరికింది. దొరికినప్పుడు ఆ ముఖం... పెద్ద ఛానెళ్ళలో పాటకు వంద బొమ్మలు మారుస్తారు. అన్నీ కలిపినా ఈ ఒక్క ముఖం రాదు. ఇన్నేళ్ళు గోడకు ఇవతల కూర్చుని దీన్ని గోల అన్నాను.

తీగ మీటే వేళ్ళు చూద్దామంటే బోర్‌వెల్ ప్రకటన అడ్డం. ఉండబట్టక మహబూబ్‌కు ఫోన్ చేశాను, ఆ పట్టీ పైకి జరపమని.

"చాచా, నువ్వు చూస్తున్నవా! పోయినేడు చందా కట్టేటప్పుడు ఏమన్నవ్? ఇది టీవీనా, బర్రెల సంతనా అన్నవ్."

అన్నాను. గుర్తుంది. వాడికింత జ్ఞాపకం ఎందుకు?

ఆగస్టు 16

మహబూబ్ వచ్చి చెప్పాడు. కంప్యూటర్‌లో లేదు. తుడిచేశాడు. "చాన మంచిగ పాడిండు చాచా. నువ్వు రికార్డు చేసినవట కద? సుశీల చాచి చెప్పింది. నాకొక కాపీ ఇయ్యి."

వాడికి కూడా చెప్పింది!

ఆగస్టు 18

పొద్దున కొత్త చుట్ట మొదలుపెట్టాను. నోట్లో లెక్క లేదు, ఆ పాట ఉంది. సుశీల వంటింట్లో రోజూ గొణిగే మొదటి మాటలు, గోడ మీది నుంచి ఆనాడు చెవిన పడ్డ ముక్క.

నీళ్ళకు పోయినోడు రాలేదమ్మా — ఎండ వాలె, కడవ నిండదాయె.

చుట్టి ఆపాక లెక్కపెట్టాను. అరవై రెండు. మళ్ళీ లెక్కపెట్టాను. అరవై రెండే. పాట ఒక వరసకు చేయి ఆరు చుట్లు తిరుగుతోంది. పది వరసలు, పైన రెండు చుట్లు.

అంటే ఆనాటి ఆరు ఎక్కువ... నేను లెక్క తప్పలేదు. ఒక వరస ఎక్కువ విన్నాను. చేతికి నచ్చింది, నాకే నచ్చలేదు. షాపు పెట్టిన ఇరవై రెండేళ్ళ నుంచి నాది ఇదే తంతు.

ఆగస్టు 20

రేపు పదకొండుకు బావకు పండ్లు తీస్తారు. ముందు ఇక్కడికే వస్తాడు. ఫోన్‌లో అడిగాను, ఒక్కసారి పాడతావా అని.

"పీర్లు దిగినంక ఆ మాట ఎత్తొద్దు బావా. అయినా నీ దగ్గర రికార్డుంది కద. సుశీల ఊరంత చెప్పింది."

ఊరంతా. బాగుంది.

ఆగస్టు 21, గురువారం

తొమ్మిదికే వచ్చాడు. స్టూల్ మీద కూర్చుని నాలుకతో పండ్లు కదిలించుకుంటూ ఉన్నాడు. పాడమని నేను అడగలేదు. తీగ పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాను, పైకే పాడుకుంటూ. నా గొంతు నాకే వినబుద్ధి కాదు.

రెండు వరసలు ఓర్చుకున్నాడు. మూడోదానికి, "గట్ల గాదు బావా."

"మరెట్లా?"

"ఎండ వాలె — ఆడ జర ఆగాలె. వాలనియ్యాలె కద ఎండను. నువ్వు బస్సుకు పోయినట్లు పోతున్నవ్."

"నువ్వు పాడొద్దు కదా?"

"నేను పాడుతలేను. తప్పు దిద్దుతున్న. దిద్దకుంటె పీర్లకు కోపమొస్తది."

మోటారు డొప్ప మీద వేళ్ళతో దెబ్బ వేస్తూ ఒక్కో మాట చెప్పాడు. నేను అన్నాను. మళ్ళీ చెప్పాడు. ఫోన్ మీదికి చేయి పోనిచ్చాను. చూశాడు. "అండ్ల పెడితె పాడినట్లయితది. నీ నోట్లకైతె సరే."

రెండో చరణం అయింది. సుశీల చాయ్‌తో గడప దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"రికార్డుంది గద. నేర్సుకునుడెందుకు?"

చేయి నలభై ఎనిమిది దగ్గర ఉంది. ఆపాను. బావ నా వైపు చూడకుండా పండ్లు కదిలించుకుంటున్నాడు.

"లేదు. ఆ రోజు నొక్కలేదు."

చాయ్ కింద పెట్టింది. నన్ను దాటి బావ వైపు తిరిగింది. నన్ను తిట్టినా బాగుండేది. "అన్నా, పదిన్నరయింది. డాక్టరు కూసుంటడు."

"కూసోనియ్యి. ఇంక రెండు చరణాలున్నయ్."

ఆమె గడప మీదే కూర్చుంది. మూడోది నోటికొచ్చింది. నాలుగోది సగమే. ఆటో వచ్చింది.

మధ్యాహ్నం దవాఖాన నుంచి తెచ్చాను. నోటి నిండా దూది. పడుకున్నాడు. సుశీల ఇప్పటివరకు నాతో మాట్లాడలేదు. జావ చేసింది, అతనికే.

సాయంత్రం ఆరున్నర. టీవీ పెట్టలేదు. నాలుగో చరణం అనుకుని చూస్తున్నాను, రెండో మాట దగ్గర జారిపోతోంది. బావ చేయి అడ్డంగా ఊపుతున్నాడు, ఎక్కడ తప్పో చెప్పలేడు.

ఈరోజు పని: మోటారు ఒకటి. చుట్లు అయినవి. వార్నిష్ —

లోపలి నుంచి సుశీల. "గట్ల గాదు."